చైనీస్‌లో ఒక పని అప్పగించాలంటే ఏ ‘థువో’ వాడాలి?

నిఘంటువు తెరిస్తే పైథువో, వెయ్‌థువో, థువోఫూ, చుథువో అన్నిటికీ ఇంచుమించు ఒకే అర్థం ఉంటుంది: అప్పగించడం, పురమాయించడం, నమ్మి ఒకరి చేతిలో పెట్టడం. దాంతో మాండరిన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏది ముందు నోటికొస్తే అది వాడేస్తారు. హాస్టల్లో పక్క గది అబ్బాయిని కొరియర్ తెచ్చిపెట్టమని అడగడానికి వెయ్‌థువో వాడితే వకీలు నోటీసు ఇచ్చినట్టు ఉంటుంది, అతను నవ్వేస్తాడు, అంతటితో సరి. ఫ్యాక్టరీకి పంపే ఆర్డర్ మెయిల్లో పైథువో రాస్తే మాత్రం బేరంలో మీరే ఒక మెట్టు కిందికి దిగి కూర్చున్నట్టు. తప్పు చిన్నదే కానీ రెండో తప్పుకి డబ్బుల ఖర్చు ఉంటుంది.

నేను వాడే పద్ధతి ఒక్కటే. ఆ పని చెడిపోతే ఎవరు జవాబు చెప్పాలి? దీనికి సమాధానం తెలిస్తే మాట దానంతట అదే తేలుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, అది మామూలు సాయం అనుకుంటే ఒక మాట. చట్టం ప్రకారం లెక్క తేలాలంటే ఇంకో మాట. చట్టం లేదు, కాగితం లేదు, కానీ మాట తప్పితే ఆ మనిషి జీవితాంతం మొహం చూపించలేడు అంటే దానికి వేరే మాట. ఇక కింద రాసేదంతా ఈ మూడింటి చుట్టూ తిరిగేదే.

ముందు పలకడం సంగతి. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, టి అని రాసేది మన థ కి దగ్గర, డి అని రాసేది మన త కి దగ్గర, బి అంటే ప, జి అంటే క. ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘టువో’ అని గానీ ‘తువో’ అని గానీ అంటే ఎదుటివాళ్ళకి వేరే మాట వినిపిస్తుంది, ఎందుకంటే ‘తువో’ అంటే అక్కడ ‘చాలా’ అని ఇంకో పదం ఉంది. మన లిపిలో ఒత్తు అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఈ విషయంలో మనకి ఇంగ్లీషు వాళ్ళకంటే పని తేలిక. అందుకే ఇక్కడ పిన్‌యిన్ స్పెల్లింగ్ ప్రకారం కాకుండా చెవికి వినపడేట్టు రాస్తున్నాను. మాండరిన్‌లో మాట పలకడానికి నాలుగు స్వరాలున్నాయి, స్వరం మారితే అర్థం మారిపోతుంది. థువో మొదటి స్వరంలో ఉంటుంది, అంటే గొంతు పైన పెట్టి దింపకుండా సాగదీయాలి.

అక్షరం చూస్తే ఆరు గీతలే. ఎడమ పక్క మూడు గీతల ‘చెయ్యి’ గుర్తు, కుడి పక్క మూడు గీతలతో శబ్దాన్ని సూచించే భాగం. చేత్తో కింద నుంచి ఎత్తి పట్టుకోవడం దీని మొదటి అర్థం. ట్రేని థువోఫాన్ అంటారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం కూడా ఈ అక్షరమే. అయితే అప్పగించడం అనే అర్థానికి పాతకాలంలో వేరే అక్షరం ఉండేది. కుడి భాగం అదే, ఎడమ పక్క చెయ్యికి బదులు ‘మాట’ గుర్తు, మొత్తం పది గీతలు. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు కూర్చిన నిఘంటువులో ఆ పది గీతల అక్షరానికి అర్థం ఒకే ఒక్క మాటలో ఇచ్చాడు: చీ, అంటే ఒకరి దగ్గర ఉంచడం. ఇవాళ అదే చీ చైనాలో పార్సెల్ పంపడానికి వాడుతున్నారు. 1950ల నాటి లిపి సంస్కరణల్లో చైనా ఈ రెండు అక్షరాలనీ కలిపేసి చెయ్యి గుర్తు ఉన్నదాన్నే ఉంచింది. మాట ఇచ్చి అప్పగించడం, చేత్తో పట్టుకోవడం రెండూ ఒకే అక్షరంలోకి వచ్చి పడ్డాయి. దీనివల్ల వచ్చే చిక్కు తైవాన్ వాళ్ళకి రాసేటప్పుడు తెలుస్తుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

రోజువారీ సాయానికి అసలు థువో అక్కర్లేదు

ఇది ముందే చెప్పేయడం మంచిది. కొరియర్ తీసుకురావడం, తలుపు పట్టుకోవడం, ఫోటో తీసిపెట్టడం లాంటి వాటికి ‘పాంగ్ వో’ చాలు, అంటే నాకు సాయం చెయ్యి అని. ‘పాంగ్ వో నా యీష్యా ఖ్వైతీ’ అంటే నా కొరియర్ కాస్త తెచ్చిపెట్టు. కొంచెం మర్యాద కలపాలంటే, లేదా ఎదుటి మనిషి కొత్తవాడైతే, ‘మాఫన్ నిన్’ అని మొదలుపెట్టాలి. మాఫన్ అంటే ఇబ్బంది, మీకు శ్రమ ఇస్తున్నాను అన్నమాట. ఆఫీసు కౌంటర్ల దగ్గర, షాపుల్లో, టాక్సీ డ్రైవర్‌తో ఇది ఎక్కడైనా చెల్లుతుంది. నన్నడిగితే మొదటి ఆరు నెలలు ఈ రెండూ తప్ప ఇంకేమీ వాడకపోయినా బతికేయొచ్చు. ఛింగ్ అనే ‘దయచేసి’ పుస్తకాల్లో కనిపించినంతగా నోట్లో వినపడదు. బోర్డుల మీద, ప్రకటనల్లో, ఎవరినైనా లోపలికి రమ్మనేటప్పుడు, భోజనానికి పిలిచేటప్పుడు అది దాని చోటు.

ఒంటరి థువో ఎక్కడ వస్తుందంటే, మీ పని మీరు చేసుకోలేక మధ్యలో ఒక మనిషిని పెట్టుకున్నప్పుడు. వాక్యం కట్టడం మనకి చాలా సులువు: థువో, తర్వాత మనిషి, తర్వాత పని. తెలుగులో ‘ఫలానా వాళ్ళ చేత చేయించాను’ అంటామే, అచ్చంగా అదే. ‘వో మా థువో రెన్ కెయ్ వో తైలె త్యెన్ ఛి త’ అంటే మా అమ్మ ఎవరి చేతో నాకు తినడానికి ఏవో పంపించింది. ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత ఆవకాయ, కందిపొడి తెప్పించుకునే మన పిల్లలకి ఈ వాక్యం ఒక్కటి వస్తే చాలు, మిగతా థువోలన్నీ దీని మీద ఆనించి నేర్చుకోవచ్చు.

కానీ ‘థువో రెన్’ అని మనిషి పేరు చెప్పకుండా అన్నప్పుడు కాస్త జాగ్రత్తగా వినండి. థువో రెన్ అంటే ఎవరినో పట్టుకొని పని జరిపించుకోవడం. స్కూల్లో సీటు, ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ అపాయింట్‌మెంట్, ఆగిపోయిన ఫైలు లాంటివాటికి. దీని పక్కనే థువో క్వాన్‌షి అని ఇంకోటి ఉంది, అది మరీ బాహాటం, పరిచయాల దారిన పని నడిపించడం. రెండిట్లోనూ కొంచెం చాటు వ్యవహారం వాసన ఉంటుంది. మనం ‘తెలిసినవాళ్ళని పట్టుకున్నాం’ అంటే ఎలా అర్థమవుతుందో అక్కడా అలాగే అర్థమవుతుంది. కాబట్టి ఆఫీసరుకి రాసే అర్జీలో ‘థువో రెన్’ రాయకండి.

పైథువో: నోటితో అడగడానికి

పై అంటే వంగి దణ్ణం పెట్టడం. పూజకీ అదే, కొత్త సంవత్సరం నాడు పెద్దవాళ్ళ ఇంటికెళ్ళి పలకరించడానికీ అదే. దానికి థువో కలిపితే ‘నీ మీదే పెట్టాను, దయచేసి చూడు’ అని. చట్టం గిట్టం ఏమీ లేదు. పని జరగకపోతే అడిగినవాళ్ళు నొచ్చుకుంటారు, అంతకుమించి ఏమీ కాదు. వాడే తీరు కూడా వదులుగా ఉంటుంది. ‘పైథువో నీ లె’ అని ముగింపులో పడేయొచ్చు, ‘పైథువో పైథువో’ అని రెండుసార్లు అనొచ్చు, మెసేజ్ చివర ఒంటరిగా కూడా పెట్టొచ్చు. తైవాన్‌లో ఎన్నికల అభ్యర్థులు వీధుల్లో వంగి వంగి దణ్ణాలు పెడుతూ ఓట్లడిగేది ఈ మాటతోనే.

మాఫన్‌కీ పైథువోకీ తేడా బరువులో ఉంది. కౌంటర్లో ఉన్న మనిషిని ఫారం ఇమ్మని అడగడానికి పైథువో అంటే అతిగా ఉంటుంది, అది ఆమె ఉద్యోగమే కదా. అదే మీరు వారం రోజులు ఊళ్ళో ఉండకపోతే పిల్లికి తిండి పెట్టమని పక్కింటావిడని అడిగేటప్పుడు మాఫన్ ఒక్కటీ చాలదు, చివర పైథువో పడితేనే బాగుంటుంది. రెండూ కలిపి వాడటం కూడా మామూలే: మొదట మాఫన్‌తో అడిగి, ఆవిడ సరేనన్నాక పైథువోతో ముగించడం.

ఇంకొక సంగతి, ఇది పుస్తకాలు చెప్పవు. పైథువో అని విసుగ్గా సాగదీసి అంటే అర్థం తిరగబడుతుంది. ‘అబ్బా, ఇక చాలు’, ‘నీకో దణ్ణం’ అన్నట్టు. మనం ‘నీకో దణ్ణంరా బాబూ’ అన్నప్పుడు ఎవరూ మొక్కుతున్నామని అనుకోరు కదా. ఈ వాడుక కుర్రాళ్ళలో ఎక్కువ. ప్రొఫెసర్‌కి పంపే మెసేజ్‌లో ఒంటరిగా ‘పైథువో!’ అని ఆశ్చర్యార్థకంతో పెట్టకుండా, ముందు ‘మీకు’ అనే మర్యాద మాట నిన్‌ని కలిపి వాక్యంగా రాయడం మంచిదని నేను చెప్పేది ఇందుకే.

వెయ్‌థువో: కాగితం ఉన్నచోట

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ళకి నిజంగా అవసరం పడేది, పొరపాటు చేస్తే ఖరీదు పడేదీ ఇదే.

వెయ్‌థువో అంటే మీ తరఫున, మీ పేరు మీద ఇంకొకరు వ్యవహారం నడపడం. వకీలుకి కేసు అప్పగించడం, ఏజెంటుకి సరుకు కొనే పని అప్పగించడం, ఇల్లు అమ్మే పని అప్పగించడం. చైనా సివిల్ కోడ్ 2020 మే 28న ఆమోదం పొంది 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 919వ నిబంధన నుంచి ఒక అధ్యాయమంతా వెయ్‌థువో ఒప్పందం గురించే. అంటే ఈ మాట రాసి ఇద్దరూ ఒప్పుకున్నారంటే మీరు ఆ అధ్యాయంలోకి అడుగు పెట్టినట్టే లెక్క.

పని చెడితే జవాబు ఎవరిది అన్న నా ప్రశ్నకి ఇక్కడ చట్టమే సమాధానం ఇస్తుంది. 929వ నిబంధన ప్రకారం డబ్బు తీసుకుని పని చేసినవాడు తన తప్పు వల్ల నష్టం తెస్తే మీరు అతన్ని పరిహారం అడగొచ్చు. ఊరికే, డబ్బు లేకుండా చేసిపెట్టినవాడైతే కావాలని చేసినా, మరీ ఘోరమైన నిర్లక్ష్యం చేసినా తప్ప అడగడానికి లేదు. న్యాయంగానే ఉంది. స్నేహం కొద్దీ మీ పని మీద వెళ్ళినవాణ్ణి చిన్న పొరపాటుకి కోర్టుకి ఈడ్చడం ఎక్కడైనా బాగోదు. ఇంకా, తనకి అప్పగించిన పనిని అతను మీరు ఒప్పుకోకుండా మూడో మనిషికి అప్పగించకూడదు. నచ్చకపోతే ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, 933వ నిబంధన. రద్దు వల్ల అవతలివాళ్ళకి నష్టం వస్తే దాని లెక్క వేరే.

దీని కాగితం పేరు వెయ్‌థువోషు. మన పవర్ ఆఫ్ అటార్నీకీ కోర్టు వకాలత్‌నామాకీ రెండిటికీ ఇదే పేరు పనిచేస్తుంది. చైనాలో ఎంబీబీఎస్ చదివిన తెలుగు పిల్లలకి ఇది బాగా ఎరుకే. 2020 మొదట్లో కోవిడ్ వల్ల ఇంటికొచ్చినవాళ్ళకి మళ్ళీ విద్యార్థి వీసాలు మొదలైంది 2022 ఆగస్టులో. ఆ మధ్యకాలంలో అక్కడ ఉండిపోయిన సామాను గానీ, యూనివర్సిటీ నుంచి తీసుకోవాల్సిన సర్టిఫికెట్ గానీ ఇంకొకరి చేత తీయించుకోవాలంటే కావలసింది ఇలాంటి కాగితమే.

అందులో ఏం ఉండాలో సివిల్ కోడ్ 165వ నిబంధన చెప్తుంది: మీ తరఫున వెళ్ళే మనిషి పేరు, ఏ పని, ఎంతవరకు అధికారం, ఎన్నాళ్ళు, ఆపైన మీ సంతకం లేదా ముద్ర. మామూలుగా పై వరసలో వెయ్‌థువోరెన్ అని మీ పేరు, పాస్‌పోర్టు నంబరు. కింద షౌథువోరెన్ అని వెళ్ళే మనిషి పేరు, గుర్తింపు కార్డు నంబరు. షౌ అంటే స్వీకరించడం. ఈ రెండు వరసల్లో పేర్లు తారుమారైతే మీరే అతని పని మీద వెళ్తున్నట్టు అవుతుంది, కౌంటర్లో వెనక్కి పంపేస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే రాయండి, సర్టిఫికెట్ మీద పేరు ఇంకోలా ఉంటే ఆ తేడా ముందే సరిచూసుకోండి. మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందేగా.

ఏ పని అన్న వరసలో ‘డిగ్రీ పట్టా, మార్కుల జాబితా నా బదులు తీసుకోవడం’ అని ఆ పని మాత్రమే రాయండి. చాలామంది దొరికిన నమూనా ఒకటి తీసుకొని పేర్లు మార్చి పంపేస్తారు, అందులో ‘ఛ్వెన్‌ఛ్వెన్ వెయ్‌థువో’ అని ఉండటం చూసుకోరు. దాని అర్థం సర్వాధికారాలతో అప్పగించాను అని. పట్టా తేవడానికి సర్వాధికారాలు దేనికి? ఇల్లు, బ్యాంకు, కంపెనీ వాటా లాంటి చోట ఈ నాలుగు అక్షరాలూ ఎంత దూరం వెళ్తాయో ఇక్కడ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చి చేతులు కాల్చుకున్నవాళ్ళని అడిగితే తెలుస్తుంది. కోర్టు వ్యవహారంలో అయితే లెక్క ఇంకోలా ఉంటుంది. వకీలు మీ తరఫున రాజీపడాలన్నా, మీ దావాలో ఏదైనా వదులుకోవాలన్నా, అప్పీలుకి వెళ్ళాలన్నా ప్రత్యేక అధికారం ఇచ్చానని విడిగా రాసి ఉండాలి, ఊరికే వెయ్‌థువో అంటే సరిపోదు. రెండిట్లోనూ సలహా ఒకటే, ఏ పనులకి అధికారం ఇస్తున్నారో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయండి.

వెయ్‌థువో పక్కనే షిన్‌థువో ఉంటుంది, రెండూ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. షిన్ అంటే నమ్మకం. షిన్‌థువో అంటే మనం ట్రస్ట్ అనే ఆర్థిక ఏర్పాటు, దానికి విడిగా చట్టం ఉంది, 2001 అక్టోబరు 1 నుంచి. తేడా ఎక్కడంటే, వెయ్‌థువోలో మనిషి మీ పేరు మీద పని చేస్తాడు, షిన్‌థువోలో ఆస్తి హక్కు అతనికి అప్పగిస్తారు, అతను తన సొంత పేరు మీదే దాన్ని నడుపుతాడు, మీరు చెప్పినవాళ్ళ మేలు కోసం. బ్యాంకు వాళ్ళ కాగితంలో ఏది రాసి ఉందో చదవకుండా సంతకం పెట్టకండి.

థువోఫూ: మనిషిని అప్పగించేటప్పుడు

ఫూ అంటే ఇవ్వడం, నాలుగో స్వరం, పైనుంచి కిందికి దభీమని దించాలి. థువోఫూ వాడే చోట వస్తువులకంటే మనుషులు ఎక్కువ కనిపిస్తారు. పట్నంలో కూలికి వెళ్తూ పిల్లల్ని ఊళ్ళో నాయనమ్మకి వదిలి వెళ్ళడం, ముసలి తండ్రిని తమ్ముడికి అప్పజెప్పడం, చనిపోయే ముందు చేతులు పట్టుకుని ‘వీణ్ణి చూసుకో’ అనడం. ‘థువోఫూ చుంగ్‌షెన్’ అంటే జీవితాన్ని ఒకరి చేతిలో పెట్టడం, పెళ్ళి గురించి మాట్లాడేటప్పుడు వినపడుతుంది. మన పెళ్ళిళ్ళలో అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టే అప్పగింతలు ఉన్నాయే, ఆ సమయంలో తండ్రి గొంతులో ఉండే బరువు ఈ మాటలో ఉంటుంది. కాగితం ఉండదు, కోర్టు ఉండదు, కానీ వెయ్‌థువో కంటే గట్టిగా కట్టేస్తుంది.

చైనాలో ఈ మాట వినగానే అందరికీ తట్టే కథ ఒకటి ఉంది. క్రీ.శ. 223లో షు రాజ్యాధిపతి ల్యూ పెయ్ యుద్ధంలో ఓడి, జబ్బుపడి, యాంగ్‌త్సీ నది ఒడ్డున పైతి కోటలో చివరి రోజుల్లో ఉన్నాడు. మంత్రి చూక ల్యాంగ్‌ని పిలిపించి పదిహేడేళ్ళ కొడుకుని అప్పగించాడు. నిలబెట్టదగినవాడైతే వీడికి తోడుండు, చేతకానివాడైతే రాజ్యం నువ్వే తీసుకో అన్నాడు. చూక ల్యాంగ్ తీసుకోలేదు, చనిపోయేదాకా ఆ కుర్రవాడి కొలువులోనే ఉన్నాడు. దిక్కులేని బిడ్డని అప్పగించడం అనే అర్థంలో దీన్ని థువోకూ అంటారు. ఈ మాట అంతకంటే చాలా పాతది. కన్ఫ్యూషియస్ శిష్యుడు చెంగ్‌త్స ఉత్తముడు ఎవరో చెప్తూ ఆరడుగుల అనాథని ఎవరి చేతిలో పెట్టవచ్చో అతను అన్నాడు. అప్పటి అడుగు ఇప్పటిదానికంటే చిన్నది, ఆరడుగులంటే ఇంకా ఎదగని పిల్లవాడే.

ఇంత బరువున్న మాటని బ్యాగు కాసేపు చూసుకోమని చెప్పడానికి వాడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాక్యం కట్టు కూడా వేరే. వెయ్‌థువోకి, ఒంటరి థువోకి పక్కనే మనిషి వచ్చి ఆ తర్వాత పని వస్తుంది. థువోఫూకి ముందు అప్పగించేది వస్తుంది, ఆ తర్వాత ‘కెయ్’ అని చెప్పి మనిషిని తేవాలి: ‘పా హైత్స థువోఫూ కెయ్ నైనై’, పిల్లవాణ్ణి నాయనమ్మకి అప్పగించు. బరువేమీ వద్దు, కేవలం చేతులు మారడం చెప్పాలంటే అదే చోట ‘చ్యావ్ కెయ్’ పెట్టండి. తాళాలు, ఫైలు, ఫీజు డబ్బు అన్నిటికీ చ్యావ్ కెయ్ సరిపోతుంది. అనుమానంగా ఉంటే ఇదే వాడండి, ఎవరూ తప్పు పట్టరు.

మిగిలినవి త్వరగా చూద్దాం. చుథువోలో చు అంటే పెద్దవాళ్ళు జాగ్రత్తలు చెప్పడం, వీలునామాలో ఉండే అక్షరం కూడా అదే, కాబట్టి మీరు మీ బాస్‌కి చుథువో చేయలేరు, ఆయనే మీకు చేయాలి. చీథువో వస్తువులకి కాదు, ఆశలకి, దుఃఖానికి. తండ్రి తన ఆశలన్నీ కూతురి మీద పెట్టుకున్నాడు అన్నప్పుడు వాడేది అదే. థువోమెంగ్ అంటే చనిపోయినవాళ్ళు కలలోకి వచ్చి ఏదో చెప్పడం, సమాధులు శుభ్రం చేసే ఛింగ్‌మింగ్ పండుగ రోజుల్లో ఈ కబుర్లు ఎక్కువ. విమానాశ్రయంలో థువోయ్యున్ అంటే లగేజీని చెక్-ఇన్‌లో వేయడం. మూడేళ్ళలోపు పిల్లల్ని చూసుకునే చోటు థువోఅర్‌సువో.

ఒకటి మాత్రం హెచ్చరికగా చెప్పాలి. థువోకి చివర నాలుక మడిచి ‘ర్’ చేర్చి థువోర్ అంటే బీజింగ్ వాళ్ళ భాషలో కొనేవాడిలా నటిస్తూ గుంపులో నిలబడి మిమ్మల్ని ఎగదోసే మనిషి. పెద్దాసుపత్రుల బయట ‘ఇక్కడ నంబరు దొరకదు, నాకు తెలిసిన మంచి డాక్టరున్నాడు రండి’ అని పేషెంట్లని పక్క క్లినిక్‌లకి తీసుకెళ్ళేవాణ్ణి యీథువో అంటారు. అక్షరం అదే, నమ్మకమే అక్కడ సరుకు.

ఏ రూపం రాయాలి, టైప్ చేస్తే ఏది వస్తుంది

చైనా, సింగపూర్, మలేషియా వాళ్ళకైతే ఆలోచించక్కర్లేదు, అన్నిటికీ చెయ్యి గుర్తున్న ఆరు గీతలదే. తైవాన్, హాంకాంగ్ వాళ్ళకి రాస్తే వెయ్‌థువో, పైథువో, షిన్‌థువో, థువోఫూలకి మాట గుర్తున్న పది గీతలది. ట్రేకి, గడ్డం కింద చెయ్యికి మాత్రం అక్కడా చెయ్యి గుర్తే. తైవాన్‌లో తికమక ఎక్కడంటే, లగేజీ థువోయ్యున్‌కి మాట గుర్తు కనిపిస్తుంది, పిల్లల కేంద్రాల బోర్డుల మీద చెయ్యి గుర్తు కనిపిస్తుంది. ఆటోమేటిక్‌గా లిపి మార్చే సాఫ్ట్‌వేర్ ఇక్కడే బోల్తా కొడుతుంది, కాబట్టి ఒప్పందం లాంటిదైతే మార్చాక మళ్ళీ ఒకసారి కంటితో చూడాల్సిందే. జపాన్ వాళ్ళు కూడా మాట గుర్తున్నదే ఉంచుకున్నారు, చదవడం ‘తకు’ అని. కొరియన్ సీరియళ్ళు చూసేవాళ్ళకి ‘బుథక్’ అనే మాట చెవిలో పడే ఉంటుంది, ఏదైనా సాయం అడిగేటప్పుడు వాడతారు, అది ఈ థువోఫూలోని రెండు అక్షరాలే, వరస తిరగబడి. వియత్నాం వాళ్ళది ‘థాక్’. చివర ఉన్న పాత క శబ్దాన్ని వీళ్ళంతా దాచుకున్నారు, కాంటనీస్‌లోనూ ఉంది, మాండరిన్ మాత్రం పోగొట్టుకుంది.

ఫోన్‌లో పిన్‌యిన్ టైప్ చేసేటప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది. అదే శబ్దం, అదే మొదటి స్వరంతో ఇంకో రెండు అక్షరాలు ఉన్నాయి. ఒకటి ఈడ్చడం, ఆలస్యం చేయడం, ఇంట్లో వేసుకునే చెప్పులకి కూడా అదే. దానికీ ఎడమ పక్క చెయ్యి గుర్తే ఉంటుంది కాబట్టి చిన్న తెర మీద కళ్ళు మోసపోతాయి. కుడి భాగంలో గీతలు ఎక్కువుంటే అది ఈడ్చేది, మనది కాదు. రెండోది బట్టలు విప్పడం, తప్పించుకోవడం, దాని ఎడమ పక్క శరీరం గుర్తు. ‘ఈ పని మీకు ఈడ్చాను’ అని వెళ్ళిందంటే నవ్వి వదిలేస్తారు, ఒప్పందంలో అయితే అంత తేలిగ్గా పోదు.

అన్నిటికంటే చిక్కుముడి థుయ్‌థువో. ఒకటే ఉచ్చారణ, రెండు రాతలు. మన థువోతో రాస్తే ఏదో సాకు చెప్పి తప్పుకోవడం: ఒంట్లో బాలేదు, చుట్టాలొచ్చారు. తప్పించుకునే థువోతో రాస్తే బాధ్యత ఎగ్గొట్టడం. మొదటిది మర్యాదగానే ఉండొచ్చు, రెండోది నింద. సరఫరాదారుకి ఫిర్యాదు రాసేటప్పుడు ఈ రెంటిలో ఏది పడిందో చూసుకుని పంపండి.

స్వరం మారితే ఏమవుతుందో కూడా చూడండి. థువోఫూలో రెండో భాగాన్ని నాలుగో స్వరంలో దించకుండా రెండో స్వరంలో పైకి లేపితే టోఫెల్ పరీక్ష అయిపోతుంది. టోఫెల్‌కి చైనా వాళ్ళు పెట్టుకున్న పేరు అది, అక్షరాల అర్థం ‘అదృష్టం మీద ఆనుకో’. ‘థువో నిన్ త ఫూ’ అంటే మీ చలవ వల్ల బాగున్నాం అని పెద్దవాళ్ళకి చెప్పే మర్యాద మాట కూడా ఈ రెండో స్వరం ఫూతోనే.

మీకే ఎవరైనా అప్పగిస్తే

అడగడం వచ్చాక బదులు చెప్పడం కూడా రావాలి. మాఫన్ అంటే ‘పు మాఫన్’, ఇబ్బందేమీ లేదు అనేయొచ్చు. పైథువో అంటే ‘ఫాంగ్‌షిన్ పా’, నిశ్చింతగా ఉండండి అని. అందరూ గట్టిగా గుండె మీద కొట్టుకుని చెప్పేది ఒకటుంది, ‘పావ్ చాయ్ వో షెన్‌షాంగ్’, అంతా నా మీద వేసుకుంటాను అని. వినడానికి భేషుగ్గా ఉంటుంది, కానీ ఆ మాట అన్నాక పని జరగకపోతే మళ్ళీ వాళ్ళ ఎదుట పడటం కష్టం, అందుకని చేతిలో ఉన్న పనికి తప్ప అనకండి. సభల్లో, కంపెనీ కొత్త మేనేజరు ప్రసంగంలో ‘పు ఫూ చుంగ్‌థువో’ వినిపిస్తుంది, మీరు పెట్టిన పెద్ద నమ్మకాన్ని వమ్ము చేయను అని. దాన్ని స్నేహితుల మధ్య వాడితే వేళాకోళమే.

చేయగలమో లేదో తెలియనప్పుడు ‘వో చిన్‌ల్యాంగ్’, వీలైనంత చూస్తాను అనాలి. అదే మాట అవతలివాళ్ళ నోటి నుంచి మీకు వినిపిస్తే, ముఖ్యంగా చివరి తేదీ దగ్గర పడిన పనికి, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి వెంటనే ఇంకో మనిషిని కూడా చూసుకోండి.